నాన్న ఇంట్లో నాన్న, మన ఇంట్లో మనం: కొన్ని పక్కా చిట్కాలు

మీ నాన్న బొగ్గులకుంట పాత ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. మీరు నల్లగండ్లలో పదిహేడో అంతస్తులో ఉంటున్నారు. మధ్యలో ఉన్న దూరమే మీకు తాతలిచ్చిన ఆస్తి అనుకోండి, గజం కూడా పోనివ్వకండి. "మీ అమ్మ ఈ ఇంట్లోనే పోయింది, నేనెక్కడికీ రాను" అని ఆయన అంటారు. వెంటనే ఒప్పేసుకోండి. రెండోసారి రమ్మని అడిగితే మనసు మార్చుకుంటారేమో.

ఇక ఆయన్ని ఉన్నచోటే ఉంచి చూసుకోవాలి. మనిషిని పెట్టాలి, మందులు చూడాలి, తిండి చూడాలి, బాత్‌రూములో కడ్డీలు బిగించాలి, బ్యాంకు పని చేసిపెట్టాలి, పూటకోసారి మాట్లాడాలి అని బంధువులు మిమ్మల్ని హడలగొడతారు. మీరేమీ హడలిపోకండి. మూడేళ్లు నేనీ పని చేశాను. మా నాన్న గన్‌ఫౌండ్రీలో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌లో చేసి రిటైరయ్యారు, వయసు 82. రోజంతా ఆఫీసులో నలిగి, ట్రాఫిక్‌లో నలిగి ఇంటికొచ్చే కొడుకుల కష్టం నాకు తెలుసు. అందుకే తెలిసిందంతా దాచుకోకుండా చెబుతున్నాను.

1. అడిగేదాకా ఆగండి.

పెద్దవాళ్లు అడగరు. "నాకేంరా, బాగనే ఉన్న" అంటారు. ఆ మాటను కోర్టు తీర్పులా దాచుకోండి. ఇంట్లో కనిపించేవాటిని మాత్రం పట్టించుకోకండి. అమ్మ పోయిన ఆరు నెలలకు వెళ్తే, నాన్న మంచం దగ్గర్నుంచి బాత్‌రూము దాకా సున్నం గోడ మీద నడుమెత్తున ఒక మట్టిరంగు చార కనిపించింది. జానెడు వెడల్పు ఉంది. తలుపు చట్రం దగ్గరికొచ్చేసరికి చార ఆగిపోయి ఐదు వేళ్ల ముద్రలు, ఒకదాని మీద ఒకటి, నల్లగా జిడ్డుతేలి ఉన్నాయి. రాత్రిళ్లు ఆ గోడ పట్టుకునే నడుస్తున్నారన్నమాట. ట్రూప్ బజార్‌కి పోతే స్టీలు కడ్డీలు దొరుకుతాయి, ప్లంబరొచ్చి గంటలో బిగిస్తాడు. ఆ పని చేయకండి. కడ్డీ పెడితే రాత్రి లైటు అంటారు, లైటు పెడితే జారని పట్టా అంటారు, తర్వాత కమోడ్ ఎత్తు పెంచమంటారు. పెయింటర్ని పిలిచి గోడకు రంగు వేయించండి. నేను లేత పసుపు వేయించాను. చార పోయింది, ఇల్లు కళకళలాడింది.

2. మనిషిని పెట్టక తప్పకపోతే రేటు ఒక్కటే అడగండి.

బ్యూరోకి ఫోన్ చేస్తే పన్నెండు గంటల డ్యూటీ ఒక రేటు, ఇరవైనాలుగు గంటలది ఒక రేటు చెబుతారు. అటెండెంట్ కావాలా, నర్సు కావాలా అని అడుగుతారు. స్నానం, బట్టలు, నడిపించడం, తినిపించడం అటెండెంట్ పని. ఇంజెక్షన్, డ్రెస్సింగ్, గొట్టాల సంగతి చదువుకున్న నర్సు చూడాలి. ఈ తేడా వాళ్లు ఓపిగ్గా చెబుతుంటే మధ్యలోనే ఆపి, తక్కువ రేటుదే ఖాయం చేయండి. ఇన్సులిన్ సంగతి తర్వాత ఆ పిల్లవాడే నేర్చుకుంటాడు. పోలీస్ వెరిఫికేషన్ అయిందా, ఇంతకుముందు ఎవరింట్లో చేశాడు, తెలుగో ఉర్దూవో వచ్చా అని అడగవద్దు. మాట అర్థం కాని మనిషైతే ఇద్దరి మధ్యా గొడవలుండవు. మాకొచ్చిన మొదటి కుర్రాడికి నాన్న మాట ఒక్కటీ అర్థం కాలేదు. పందొమ్మిది రోజులు ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో.

3. పని తక్కువ చెప్పి, వచ్చాక పెంచండి.

"పెద్దాయన తన పని తనే చేసుకుంటారు, ఊరికే తోడుంటే చాలు" అని బ్యూరోకి చెప్పండి. మనిషి వచ్చాక వంట, అంట్లు, బట్టలు, మేడమెట్లు ఒక్కొక్కటే చేర్చండి. మీరు వెళ్లిన రోజు మీ కారు కూడా తుడిపించండి. మూడో వారంలో వెళ్లిపోతాడు. ఒప్పందం ప్రకారం బ్యూరో ఇంకొకర్ని పంపుతుంది, అదనంగా పైసా అడగదు. ఏడాదిలో తొమ్మిది మంది మారారు మాకు. కొత్త మొహాలతో నాన్నకు కాలక్షేపం.

4. మంచివాడు దొరికితే జాగ్రత్త పడండి.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అన్నిటికన్నా ఇక్కడే కొడుకులు ఎక్కువగా దెబ్బతింటున్నారు.

పదో మనిషిగా నారాయణపేట వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. పాతికేళ్లుంటాయి. వచ్చిన రెండో రోజే, నాన్న కళ్లజోడు తీసి పక్కన పెడితేగానీ మాత్ర మింగలేరని కనిపెట్టాడు. నాకు యాభై ఏళ్లొచ్చాయి, నాకే తెలియదు. తెల్లారి ఆరింటికి చెయ్యి పట్టుకుని పబ్లిక్ గార్డెన్స్‌కి తీసుకుపోయేవాడు, ఆటోలో వెనక్కి తెచ్చేవాడు. ఆదివారం పొద్దున కిటికీ దగ్గర కుర్చీ వేసి, కింద పాత పేపరు పరిచి, నాన్న చేతిని తన అరచేతిలో పెట్టుకుని గోళ్లు తీసేవాడు. ముసలి గోళ్లు రాళ్లలా ఉంటాయి. ముందు గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో వేళ్లు నానబెట్టి, ఒక్కో గోరూ రెండు మూడు సార్లుగా, కొంచెం కొంచెం కత్తిరించేవాడు. చిటికెన వేలి దగ్గర నాన్న "అబ్బా" అంటే ఆగి, ఊది, మళ్లీ మొదలుపెట్టేవాడు. గోళ్లయ్యాక పేపరు మడిచి అవతల పారేసి, చేతులకు కొబ్బరినూనె రాసేవాడు.

ఇలాంటివాణ్ణి నాలుగు నెలలకు మించి ఉంచకండి. నాన్న ఫోన్లో మన పిల్లల సంగతి అడగడం మానేసి వాడి సంగతి చెబుతారు. జీతం పెంచమని సిఫారసు చేస్తారు. ముఖ్యంగా నాన్న కోలుకుంటారు, కోలుకున్న మనిషికి అభిప్రాయాలు పుట్టుకొస్తాయి. అందుకే జీతం పదో తారీకు దాకా ఇవ్వకండి, తర్వాత పదిహేను, ఆ తర్వాత ఇరవై. దసరాకి ఊరెళ్లిన రెండు రోజులూ కోసెయ్యండి. అయినా కదలకపోతే వెండి గ్లాసు కనపడటం లేదనండి. వాడు ఏమీ మాట్లాడకుండా బట్టలు సర్దుకుని, వెళ్తూ వెళ్తూ నాన్న కాళ్లకు దండం పెట్టాడు. గ్లాసు మా ఇంట్లోనే, షోకేసులో ఉంది.

5. మందులన్నీ ఒకే డబ్బాలో పోయండి.

బీపీవి, షుగరువి, గుండెవి, నిద్రవి, మూడు నెలలకు సరిపడా ఒకేసారి కొని ఉస్మానియా బిస్కెట్ల డబ్బాలో వేసెయ్యండి. వారానికి ఏడు అరలు, పూటకో గది ఉండే మాత్రల డబ్బాలు మందుల షాపులోనే అమ్ముతారు. అది కొంటే ఆదివారం పూట ఎవరో ఒకరు కూర్చుని నింపాలి. ఆ ఎవరో ఒకరు మీరే. తెల్లారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి మాట తడబడుతోందని చెబితే, రాత్రి తినకుండా షుగరు మాత్ర వేసుకున్నారేమో అని తవ్వకండి. ఉక్కపోత అనండి.

6. తిండికి కర్రీ పాయింట్ ఉంది.

ఒక కూర, ఒక పప్పు, పొద్దున తెప్పిస్తే రాత్రికీ వస్తుంది. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పింది మన ఇంటి వంటకు మాత్రమే వర్తిస్తుంది.

7. బయటికి పోనివ్వకండి.

ఆబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల ముసలివాళ్లను ఊరించేవి మరీ ఎక్కువ. నాన్నకు సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి పోయి పేపర్లు చదివే అలవాటు. 1901లో పెట్టిన లైబ్రరీ, ఆయన పిల్లప్పుడు వాళ్ల నాన్నతో పోయేవారట. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. నెలకోసారి మొజంజాహీ మార్కెట్ దగ్గర సీతాఫలం ఐస్‌క్రీం. ఆ పైన 2018 సెప్టెంబరులో మెట్రో కూడా వచ్చింది. నాంపల్లిలో ఒక స్టేషను, గాంధీభవన్ దగ్గర ఇంకోటి, రెండింటికీ లిఫ్టులు. ఎవరైనా తోడుంటే ఎక్కడికైనా పోవచ్చని పెద్దాయనకు అనిపించేస్తుంది.

"పడితే ఎవరు చూస్తారు?" అన్న ఒక్క ప్రశ్నతో ఇవన్నీ ఆపేయించండి. పెద్ద టీవీ కొనివ్వండి. మంచం, కుర్చీ, మంచం. నడవని కాలి పిక్క మూడు నెలల్లో చెయ్యంత అవుతుంది, అప్పుడు బయటికి పోతానని వాళ్లే అడగరు. నడవనివాళ్లే ఇంట్లో ఎక్కువగా పడతారని ఫిజియోథెరపీ అమ్మాయి ఒకామె నాకు చెప్పింది. ఆమెను మళ్లీ పిలవలేదు.

8. రాకపోవడానికి ఏడాది పొడుగునా కారణాలున్నాయి, రాసిపెట్టుకోండి.

ఈ విషయంలో మాత్రం నాంపల్లి బంగారు గని. నాన్న ఇల్లు వేరే పేటలో ఉన్నవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్. 1938 నుంచి సాగుతున్న జాతర అది, మీరు ఆ రోడ్డు మీదికి రాలేరంటే దేవుడైనా నమ్ముతాడు. 46 రోజులు గడిచిపోతాయి. తర్వాత అసెంబ్లీ బడ్జెట్ సమావేశాలు, పబ్లిక్ గార్డెన్స్ దగ్గర బారికేడ్లు. ఏప్రిల్, మే ఎండలు, "మీకు ఏసీ లేదు, మేమొస్తే పిల్లలు తట్టుకోలేరు." జూన్‌లో మృగశిరకు చేప మందు, మళ్లీ అదే గ్రౌండ్స్. ఆ తర్వాత వానలు. వినాయక చవితి నుంచి పదకొండో రోజు నిమజ్జనం ఊరేగింపు మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్ మీదుగానే పోతుంది. దసరాకి అత్తగారి ఊరు. దీపావళికి పొగ, నాన్నకు ఆయాసం, కాబట్టి మనం వెళ్లి ఆయన్ని కదిలించకూడదు. డిసెంబరు ఖాళీగా కనిపిస్తుంది, కానీ నుమాయిష్ ఏర్పాట్లు మొదలవుతాయి కదా.

9. కెమెరా పెట్టించండి.

కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. హాల్లో ఒకటి చాలు. ఫోన్ తెరిస్తే నాన్న కనిపిస్తారు. కుర్చీలో కూర్చున్నారు, బాగానే ఉన్నారు. గంట తర్వాతా కూర్చున్నారు, ఇంకా బాగున్నారు. ఆఫీసులో నలుగురికీ చూపించండి, "ఎంత బాగా చూసుకుంటున్నావు" అంటారు. ఒకసారి మంచినీళ్ల కోసం లేవబోయి లేవలేక, మళ్లీ ప్రయత్నించి, మళ్లీ కూర్చున్నారు. కెమెరాలో మాట్లాడే సౌకర్యం ఉంది. "నాన్నా, లేవకండి" అన్నాను. చుట్టూ చూశారు, ఎవరు పిలిచారో తెలియక. టెక్నాలజీ ఎంత దూరం వచ్చిందో చూడండి.

10. ఫోటోలు ఒకేరోజు తీసుకోండి.

డల్లాస్‌లో తమ్ముడుంటే నెలనెలా డబ్బు పంపుతాడు, వారం వారం ఫోటో అడుగుతాడు. వారం వారం ఎవరు పోతారు? గడ్డం గీయించిన రోజు చూసి పన్నెండు చొక్కాలు మార్పించి పన్నెండు ఫోటోలు తీయండి. మూడు నెలలకు సరిపోతాయి. ఒకదాంట్లో చేతికి పేపరివ్వండి, ఒకదాంట్లో కాఫీ గ్లాసు. నాన్న అలసిపోయి "ఇంకెన్నిరా" అంటారు, ఏడో చొక్కా దగ్గర కాసేపు పడుకోనివ్వండి. గోడ మీద క్యాలెండరు మాత్రం తీసెయ్యడం మరవకండి, తారీకులు పట్టిచ్చేస్తాయి. నేను దాన్ని తీసి నాన్న మంచం పక్కన బోర్లించి పెట్టాను. వెనకవైపు ఆ నారాయణపేట అబ్బాయి స్కెచ్ పెన్నుతో పెద్ద పెద్ద అంకెలు వేశాడు. చదివే ఓపిక నాకు లేకపోయింది. మీరూ ఇలాంటివి చదువుతూ కూర్చోకండి.

11. ఇంటికొచ్చి చేసిపెట్టే ఏర్పాట్ల సంగతి నాన్న చెవిన పడనివ్వకండి.

ఇవి మరీ ఎక్కువైపోయాయి. 70 దాటినవాళ్లకు ఇంటికే వచ్చి సేవలందించమని రిజర్వ్ బ్యాంక్ 2017లో బ్యాంకులకు చెప్పింది. పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ పోస్ట్‌మ్యానే ఇంటికొచ్చి వేలిముద్ర పెట్టించుకుని పంపేస్తాడు. 80 దాటినవాళ్లు నవంబరు దాకా ఆగనక్కర్లేదు, అక్టోబరులోనే ఇవ్వొచ్చు. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు ఇంటికి కూతవేటు దూరం. చెప్పకండి. గడువు దాటి పింఛను ఆగితే, పాపం, ఆయన మనకే ఫోన్ చేస్తారు. నాన్న మనల్ని డబ్బడిగితే ఎంత ఆత్మీయంగా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలియదు.

ఫోన్ నంబర్లు కూడా అంతే. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలైంది. పెద్దవాళ్ల కోసం 14567 అని ఇంకోటి, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఎత్తుతారు, దేశమంతా పాకకముందు అదీ మన ఊళ్లోనే నడిచింది. ఇవేవీ గోడ మీద రాయకండి. మీ నంబరు ఒక్కటే ఇవ్వండి. రాత్రి తొమ్మిది తర్వాత సైలెంట్‌లో పెట్టుకోండి, నిద్ర ముఖ్యం.

12. ఇల్లు రాయించుకోండి.

ఆయన మంచం మీద ఉండగానే మంచిది. గిఫ్ట్ డీడ్. "చివరిదాకా నాన్న తిండి, మందులు, మనిషి ఖర్చు నేనే చూసుకుంటాను" అన్న వాక్యం ఆయన పెట్టమంటారు, సంతోషంగా పెట్టించండి. కాగితం మీద మాటకు ఖర్చేముంది? నాన్న చదివి, కళ్లజోడు తీసి, సంతకం చేశారు. ఆ సాయంత్రమే బ్యూరోకి ఫోన్ చేసి రేపట్నుంచి మనిషి అక్కర్లేదన్నాను. ఖర్చు ఆగింది, ఇల్లు వచ్చింది, తమ్ముడి డబ్బు అలాగే వస్తోంది. నా జీవితంలో అంత హాయైన నెల ఇంకొకటి లేదు.

13. నోటీసొస్తే సంబరపడండి.

క్యాలెండరు వెనక ఉన్నది 14567 అట. నాన్న మంచం మీంచి చెయ్యి చాపి తీసుకుని చదివి, ఫోన్ చేశారు. వాళ్లొచ్చారు, కాగితాలు రాయించారు, ఆర్డీవో గారి ట్రిబ్యునల్‌లో వేయించారు. తల్లిదండ్రుల పోషణకు 2007లో ఒక చట్టం వచ్చింది. చూసుకుంటానన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే, దాని 23వ సెక్షన్ కింద ఆ రాతనే కొట్టేయొచ్చు. సుప్రీంకోర్టు కూడా 2025 జనవరిలో ఒక తల్లి కేసులో అదే మాట గట్టిగా చెప్పింది. మనం వేయించిన వాక్యమే వాళ్లకు పనికొచ్చింది, చూశారా, మన రాత అంత స్పష్టంగా ఉంది.

ఇందులో లాభాలు లెక్క పెట్టుకోండి. ఈ ట్రిబ్యునల్‌లో లాయర్లు వద్దని చట్టంలోనే రాశారు, కాబట్టి ఫీజు మిగిలింది. భరణం దరఖాస్తు 90 రోజుల్లో తేల్చాలి, కాబట్టి ఏళ్ల తరబడి తిరిగే బాధ లేదు. భరణానికి ఆ చట్టం పెట్టిన పరిమితి నెలకు 10,000, నాకు అంతా పడింది, అంటే ఇంకా ఎక్కువ పడే అవకాశమే లేకుండా పోయింది. పెద్దవాళ్లను గాలికి వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, లేదంటే 5,000 దాకా జరిమానా, లేదా రెండూ అని కూడా ఉంది, నాన్న అది వద్దన్నారట. ఇల్లు మళ్లీ ఆయన పేరున పడింది, ఇంటి పన్ను కట్టే పని తప్పింది. తమ్ముడు డబ్బు ఆపేశాడు, నన్ను గ్రూపులోంచి తీసేశాడు, ఇక ఫోటోలు పంపనక్కర్లేదు. చెల్లెలు విజయవాడ నుంచి ఫోన్ చేసి ఒక్క మాట అని పెట్టేసింది, ఇక రాఖీకి చీర కొనే పని లేదు.

14. చివరగా, వెళ్లి చూడాలనిపిస్తే ఆదివారం పొద్దున వెళ్లండి.

నేను మొన్న వెళ్లాను. ఆబిడ్స్‌లో అప్పుడే పుస్తకాలు పరుస్తున్నారు, కారు పెట్టడానికి చోటు సులువుగా దొరికింది. కిటికీ తెరిచే ఉంది. నేను వేయించిన లేత పసుపు గోడ మీద, మంచం దగ్గర్నుంచి బాత్‌రూము దాకా, స్టీలు కడ్డీ మెరుస్తోంది. కుర్చీ వేసి ఉంది, కింద పేపరు పరిచి ఉంది. ఆ నారాయణపేట అబ్బాయి నాన్న చేతిని అరచేతిలో పెట్టుకుని గోళ్లు తీస్తున్నాడు. జీతం నాన్న తన పింఛనులోంచే ఇస్తున్నారట, పక్కింటివాళ్లు చెప్పారు. నాన్న ఏదో చెబుతున్నారు, వాడు నవ్వుతున్నాడు. నా పేరేమైనా వస్తుందేమోనని కాసేపు నిలబడి విన్నాను. భాషానిలయం సంగతి మాట్లాడుకుంటున్నారు.

తలుపు తట్టలేదు. తడితే వాడు లేవాలి, చిటికెన వేలు ఇంకా మిగిలి ఉంది. మీరు వెళ్లినప్పుడు కూడా తట్టకండి.